అడగని మాట

తుపాను దాటిపోయి మూడు రోజులైనా హాలిఫాక్స్ ఇంకా పూర్తిగా మేలుకోలేదు. వేళ్ళతో సహా పెకిలిన చెట్లు వీధులకు అడ్డంగా అలాగే పడివున్నాయి. సగం ఊళ్ళో కరెంటు లేదు. హార్బరు మీద పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, డార్ట్‌మౌత్ రేవు వదిలిన ఫెర్రీ నీళ్ళ మీద పోతోందో మబ్బులో పోతోందో తెలియడం లేదు. ఎక్కడో ఓ ఓడ కూత పెట్టింది. ఆ కూత కూడా దూదిలో చుట్టినట్టు మెత్తగా వినిపించింది.

కమలకుమారి ఆ ఫెర్రీలో కిటికీ పక్కన కూర్చుని, చార్జింగ్ అయిపోయిన ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఆ తెలుపులోకి చూస్తూ ఉంది. ఆ రోజు ఆమెకు పని లేదు. ఆమె పనిచేసే దర్జీ షాపు యజమాని హెర్షెల్ యూదు. నిన్నా ఇవాళా వాళ్ళకు కొత్త సంవత్సరం పండుగ, షాపు మూసేశాడు. అవతలి ఒడ్డున కరెంటున్న చోట ఫోను చార్జి చేసుకుని, వేడి కాఫీ తాగి వద్దామని బయల్దేరింది.

అప్పుడే ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి లేచి తలుపు వైపు నడిచింది. ముందు కమలకుమారి కంటబడింది మనిషి కాదు, కోటు. ఒంటె రంగు ఉన్ని కోటు. పై నుంచి మూడో గుండీ మిగతావాటికన్నా ఒక్క ఛాయ ముదురు. ఆ గుండీ కోసం డబ్బాలు డబ్బాలు వెదికి, నాలుగు రంధ్రాల్లోంచి దారం అడ్డంగా నిలువుగా దూర్చి కుట్టింది తనే. ఆ కోటు ఒక రిటైరైన టీచరుది. వచ్చే వారం వచ్చి తీసుకెళ్తానంది. షాపులో, పని అయిపోయిన బట్టల కడ్డీకి, తన చేత్తో తనే తగిలించింది.

కోటు లోపలున్నది ధాత్రి.

సిద్దిపేట పిల్ల. ఆగస్టులో దిగింది. కాలేజీలో చదువుతూ, షాపులో వారానికి మూడు పూటలు పనికి చేరి నెల కూడా కాలేదు. తలుపు దగ్గర ఆ అమ్మాయి కోటు కాలరు చెవుల దాకా లాక్కుని, కళ్ళు మూసుకుని, కడ్డీ పట్టుకుని నిలబడింది. నిలబడే నిద్రపోతున్నట్టుంది. కమలకుమారి లేవలేదు, పిలవలేదు. ఫెర్రీ రేవుకు తగిలి చిన్నగా ఊగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆ ఒంటె రంగు కాసేపు తెల్లటి గాలిలో తేలి, కరిగిపోయింది.

బుధవారం పొద్దున్న షాపు తెరిచేసరికి కోటు కడ్డీకి వేలాడుతోంది. దగ్గరికి వెళ్ళి చూసింది. మడత నలగలేదు. కొత్తగా ఆవిరి పట్టిన వాసన వస్తోంది. తప్పు చేసి తుడిచేశారు అనిపించింది ఆమెకు, ఆ నున్నదనం చూస్తే.

హెర్షెల్ కిటికీ పక్కన బల్ల మీద తన పొట్టి నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. యేటా ఈ రోజుల్లో ఆయన అలా రాసుకోవడం ఆమెకు తెలుసు. కొత్త సంవత్సరానికీ, దాని తర్వాత పదో రోజున వచ్చే పెద్ద ఉపవాసానికీ మధ్య, ఆ యేడు తాను ఎవరి పట్ల ఎలా నడుచుకున్నాడో తనను తానే నిలదీసుకుంటాడు.

"మిస్టర్ హెర్షెల్, ఒక సంగతి," అంది. వాళ్ళిద్దరి మాటలూ ఎప్పుడూ ఇంగ్లీషులోనే. "ధాత్రికి వెనక తలుపు తాళం మీరిచ్చారా?"

"ఇచ్చాను. తుపానుకి వెనక గదిలోకి నీళ్ళొచ్చాయి కదా. పండుగ రెండు రోజులూ నేను రాలేను. వచ్చి నేల ఆరబెట్టమన్నాను. చక్కగా చేసింది."

కమలకుమారి చేతిలో కత్తెర బల్ల మీద పెట్టింది. ఈ షాపు తాళం తన చేతికి రావడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భర్తకు ఆ తాళం చూపించి, దేవుడి పటం దగ్గర పెట్టి మరీ దాచుకుంది. ఈ పిల్లకు మూడు వారాలు.

"కస్టమరు కోటు వేసుకుని తిరుగుతోంది," అంది. "నిన్న ఫెర్రీలో నా కళ్ళారా చూశాను. ఇవాళ తెచ్చి పెట్టేసింది. ఇంకా ఏమేం పట్టుకెళ్ళిందో."

హెర్షెల్ కలం మూత పెట్టాడు. "నువ్వు చూశావా?"

"చూశాను."

"నువ్వు చూశానంటే చూసినట్టే," అన్నాడాయన అలిసిపోయినట్టు. గురువారం ధాత్రి వచ్చినప్పుడు గుమ్మంలోనే తాళం తిరిగి తీసుకుని, ఇక రావద్దన్నాడు. ఎందుకో చెప్పలేదు. ధాత్రి కూడా అడగలేదు. లోపల మిషను మీద వంగి కుడుతున్న కమలకుమారి వైపు ఒకసారి చూసి, భుజాన బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనం వేళ కమలకుమారి ఊళ్ళోని తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాలుగు వాక్యాలు పెట్టింది. "మా షాపులో ఒక కొత్త స్టూడెంటు కస్టమర్ల బట్టలు ఎత్తుకెళ్తూ దొరికింది. పేరు చెప్పను. సిద్దిపేట నుంచి వచ్చింది. దొంగబుద్ధి ఉన్నవాళ్ళకి ఇళ్ళు ఇచ్చేముందు చూసుకోండి." ఇరవై ముగ్గురు చూశారు. ఎవరో కళ్ళు పెద్దవి చేసిన బొమ్మ పెట్టారు. ఇంకెవరో, ఈ మధ్య వచ్చేవాళ్ళంతా ఇలాగే ఉన్నారండీ అన్నారు. ఆమె ఫోను పక్కన పెట్టి, పెరుగన్నం డబ్బా మూత తీసింది. న్యాయం చేసిన మనిషికి ఉండాల్సిన ఆకలి వేసింది.

*

తరవాతి రోజులు మసకమసకగా గడిచాయి. కరెంటు వచ్చేది, పోయేది. పోయినప్పుడు హెర్షెల్, ఆమె కిటికీ వెలుతురులో ఎదురుబొదురుగా కూర్చుని చేత్తో కుట్టేవారు. సూది గుడ్డలోకి దిగే చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. బయట పొగమంచులో మనుషులు నీడల్లా వచ్చి, ముఖాలుగా మారి, మళ్ళీ నీడలై పోయేవారు. సాయంత్రం ఆమె బ్యాగు తీసుకుని లేవగానే, హెర్షెల్ ఎప్పట్లాగే కుర్చీలోంచి మెల్లగా లేచి, తలుపు దాకా వచ్చి, తెరిచి పట్టుకుని, జాగ్రత్తగా వెళ్ళమనేవాడు. పన్నెండేళ్ళుగా ఒక్క రోజూ మానలేదు ఆ మర్యాద. తన సొంత అన్నదమ్ములు కూడా తనకోసం అలా లేచి నిలబడలేదని ఆమె అందరికీ చెప్పుకునేది.

సోమవారం పొద్దున అమరేశ్వరరావుగారి భార్య ఫోను చేసింది. అమరేశ్వరరావు ఐటీ ఉద్యోగి, బెడ్‌ఫర్డ్‌లో పెద్ద ఇల్లు.

"థాంక్సండీ కమలగారూ. మీరు పెట్టకపోతే మాకు తెలిసేది కాదు. ఆ అమ్మాయికే మా కింద రూము ఇస్తామన్నాం. వాళ్ళ బేస్‌మెంట్‌లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయట. శనివారం సామాను తెచ్చుకుంటానంది. సిద్దిపేట అనగానే నాకు లైటు వెలిగింది. లేదు పొమ్మన్నా."

"నీళ్ళొచ్చాయా?" అంది కమలకుమారి.

"ఆఁ. బట్టలూ పుస్తకాలూ అన్నీ పోయాయని చెప్పింది. ఏడుపు మొహం పెట్టింది కానీ, నమ్మేదెలాగండీ ఇవన్నీ? రూము నిన్న వేరే వాళ్ళకిచ్చేశాంలెండి."

ఫోను పెట్టేశాక కమలకుమారి ఒక లంగా అంచు విప్పడం మొదలుపెట్టింది. విప్పుతూ విప్పుతూ, విప్పాల్సిన చోటు దాటి చాలా దూరం పోయింది. ఫెర్రీలో కళ్ళు మూసుకుని నిలబడ్డ ముఖం గుర్తొచ్చింది. చెవుల దాకా లాక్కున్న కాలరు గుర్తొచ్చింది. అది సొగసుకి వేసుకున్న తీరు కాదు. చలికి వేసుకున్నది. ఆ సంగతి ఆ రోజే తన కళ్ళకు కనబడింది. కనబడినా, తాను చూడాలనుకున్నది ఇంకోటి.

అయినా తప్పు తప్పే కదా, అనుకుంది. కస్టమరు కోటు. అడక్కుండా తీసుకుంది. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా లోపల కుదురుగా కూర్చోలేదు.

*

మంగళవారం సాయంత్రం సూర్యుడు దిగేసరికి పెద్ద ఉపవాసం మొదలవుతుంది. హెర్షెల్ మధ్యాహ్నానికే షాపు మూసేస్తానన్నాడు. పొద్దున పదింటికి, ఆమె మిషను దగ్గర కూర్చోగానే, ఆయన తన కుర్చీ లాక్కొచ్చి ఎదురుగా వేసుకున్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"కమలా, రేపటి రోజున మేము దేవుణ్ణి క్షమించమని అడుగుతాం. కానీ మనిషికి చేసిన తప్పును దేవుడు క్షమించడు. ఆ మనిషి దగ్గరికే పోవాలి. నేను నీ దగ్గరికి వచ్చాను."

ఆమె నవ్వింది. "నాకు మీరేం చేశారు?"

"నువ్వు చేరిన మొదటి చలికాలం, మా నాన్న కత్తెర కనబడలేదు. ఆయన పుట్టిన దేశం నుంచి ఓడలో తెచ్చుకున్నది. నువ్వు తీశావనుకున్నాను. నిన్ను అడగలేదు. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు నీ బ్యాగు తెరిచి చూశాను. ఒకసారి కాదు. నా భార్యకు కూడా చెప్పాను. ఆమె నిన్ను ఇంటికి భోజనానికి పిలుద్దామని అనుకున్నది మానేసింది. మూడు నెలల తర్వాత ఆ కత్తెర మా తమ్ముడి దగ్గర దొరికింది. సాన పట్టించడానికి తీసుకెళ్ళి మర్చిపోయాడు."

మిషను మీద ఆమె అరచెయ్యి అలాగే ఉండిపోయింది.

"దొరికాక ఆపాల్సింది. ఆపలేకపోయాను. ఒకసారి అనుమానించిన కన్ను అంత తేలిగ్గా మూసుకోదు. సాయంత్రం నువ్వు వెళ్ళేటప్పుడు లేచి తలుపు దాకా వచ్చేవాణ్ణి."

"మర్యాదకి," అంది కమలకుమారి.

"తర్వాత్తర్వాత మర్యాదే అయింది. మొదట్లో కాదు. నీ బ్యాగు బరువు చూడ్డానికి వచ్చేవాణ్ణి."

వీధిలో ఎవరో పడిపోయిన చెట్టును రంపంతో కోస్తున్నారు. ఆ చప్పుడు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది.

"ఎందుకు చెప్పారు నాకిది?" అంది చివరికి. "నాకు తెలియదు కదా. నేను సంతోషంగానే ఉన్నాను కదా."

"అదే ఆలోచించాను, యేళ్ళ తరబడి. తెలియనిదాన్ని తవ్వి నిన్ను నొప్పించి నా మనసు తేలిక చేసుకోవడం న్యాయమా అని. మా పెద్దవాళ్ళలో కూడా దీని మీద రెండు మాటలున్నాయి. చెప్పకూడదు అనేదే నాకు నచ్చింది. సుఖంగా ఉంది కాబట్టి నచ్చిందేమోనని భయం కూడా ఉండేది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరి గురించి ఫిర్యాదు చేసినా మా నాన్న ముందు ఒకటే అడిగేవాడు. ఆ మనిషి వైపు నుంచి ఏం చెప్పొచ్చో అది కూడా చెప్పు, అని. నీ విషయంలో నేను అది చెయ్యలేదు. అందుకే ధాత్రి వచ్చినప్పుడు, ఈసారి అలా చెయ్యకూడదని మూడు వారాలకే తాళం ఇచ్చాను. మళ్ళీ నువ్వు ఒక్క మాట అనగానే లాక్కున్నాను. ఏమ్మా ఎందుకు వేసుకున్నావు అని అడగలేదు. నిన్న లైబ్రరీలో వెదికి పట్టుకుని క్షమించమన్నాను. తాళం ఇచ్చాను. తీసుకోలేదు."

కమలకుమారి లేచి స్వెటరు వేసుకుంది. ఆయన అలవాటుగా కుర్చీలోంచి లేవబోయి, సగంలో ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. ఆమె తలుపు తనే తెరుచుకుని బయటికి నడిచింది.

పొగమంచులో ఎటు పోతోందో చాలాసేపు చూసుకోలేదు. యేళ్ళకు యేళ్ళు ఆమె కళ్ళ ముందు తిరగబడుతున్నాయి. మొదటి చలికాలం, భోజనం చేసి వచ్చేసరికి బ్యాగు పట్టీ తాను పెట్టినట్టు ఉండకపోవడం. హెర్షెల్ భార్య ఎప్పుడూ షాపు గుమ్మంలోంచే మాట్లాడి వెళ్ళిపోవడం. అప్పుడు అర్థం కానివన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి ముందు నిలబడ్డాయి. దొంగ. పన్నెండేళ్ళ కిందట తన వీపు మీద ఎవరో ఆ మాట రాసి ఉంచారు. తాను దాన్ని మోసుకుంటూ నవ్వుతూ తిరిగింది. మరి ధాత్రికి తెలుసు తన వీపు మీద ఏం రాసుందో. తెలిసీ ఊళ్ళో తిరుగుతోంది.

*

లైబ్రరీ నాలుగో అంతస్తులో, గోడంతా అద్దమైన చోట, ధాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. బయటి తెలుపు అద్దాలకు ఆనుకుని ఉంది. ఆ అంతస్తు మొత్తం గాల్లో వేలాడుతున్నట్టుంది. కమలకుమారిని చూసి ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ సగం మూసింది.

"కూర్చోవచ్చామ్మా?"

"కూర్చోండి ఆంటీ. లైబ్రరీ అందరిది."

కూర్చుంది. దారంతా కూడబెట్టుకున్న మాటలేవీ మిగల్లేదు. "ఆ కోటు..." అంది.

"వేసుకున్న ఆంటీ," అంది ధాత్రి వెంటనే. "అబద్ధం చెప్ప. చలి పెట్టింది. బేస్‌మెంట్‌ల నీళ్ళొచ్చి నా బట్టలన్నీ తడిసినయ్. హీటర్ లేదు, కరెంట్ లేదు. షాప్‌ల నేల తుడిచేటప్పుడు చూసిన. రెండు రోజులు వేసుకున్న. బుధవారం తెల్లారంగనే పోయి ఆవిరి పట్టి తగిలిచ్చిన. తప్పే. అడిగి తీసుకోవాలె."

"మరి నన్ను అడగాల్సింది కదమ్మా. ఒక్క ఫోను..."

"ఫోన్ తీసిన ఆంటీ. మీ నంబర్ దాకా పోయిన." ధాత్రి చేతివేళ్ళు చూసుకుంది. "మీరు నాతోని ఒక్కసారన్న మంచిగ మాట్లాడిన్రా? చేరిన దినం నుంచి నా కుట్టు వంకరే కనిపించింది మీకు. అందుకే చెయ్యలే."

కమలకుమారి తల దించుకుంది. తన వైపు నుంచి చెప్పడానికి ఒక మాట దొరుకుతుందేమోనని వెదికింది. దొరికింది ఒకటే.

"నీ మీద నాకు కోపం కోటు వల్ల రాలేదమ్మా. తాళం వల్ల వచ్చింది. నాకు ఆరేళ్ళకిచ్చారు, నీకు మూడు వారాలకిచ్చారు. కోటు ఒక వంక. నన్ను క్షమించు."

ధాత్రి అద్దంలోంచి బయటికి చూసింది. "నన్ను ఒక్కదాన్నే అడుగుతున్నరు," అంది. "గ్రూప్‌ల పెట్టిన్రు కదా. మా దోస్తు చూపెట్టింది. ఇరవై మంది చూసిన్రు."

ఫోను బయటికి తీసి కమలకుమారి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. "పోయిన వారం నేను ఒక స్టూడెంటు గురించి పెట్టిన విషయం సరికాదు..."

ధాత్రి బల్ల మీదుగా వంగి చదివింది. "విషయం కాదాంటీ. అప్పుడు ఏ మాట రాసిన్రో ఆ మాటే రాయుండ్రి. దొంగ అని. అది తప్పు అని."

రాసింది. దొంగ అన్నాను, ఆ అమ్మాయిని ఒక్క మాట అడక్కుండానే అన్నాను, ఆమె దొంగ కాదు, నా అసూయ కొద్దీ అన్నాను, అని రాసింది. పంపింది. రెండు నిమిషాలకు అమరేశ్వరరావుగారి భార్య నుంచి జవాబొచ్చింది. "అయ్యో. రూము ఇచ్చేశాం కదండీ."

కమలకుమారి ఫోను తిప్పి చూపించింది. ధాత్రి చదివి, "తెలుసు," అంది. "మా దోస్తుల రూమ్‌ల నలుగురం ఉంటున్నం. నడుస్తుంది."

"మా ఇంట్లో కుట్టు గది ఖాళీ చేస్తాను. వచ్చి ఉండు."

"వద్దాంటీ." గొంతులో కోపం లేదు. "మీ ఇంట్ల ఉంటే దినాం ఏదో ఒకటి పోయిందేమో అని నాకే భయమైతది."

కమలకుమారి లేచింది. "క్షమించానని అనవా?"

"ఇప్పుడంటే అబద్ధమైతది." ధాత్రి ల్యాప్‌టాప్ తెరుస్తూ అంది, "మళ్ళ అడుగుండ్రి."

"మూడుసార్లు దాకా అడగాలట, హెర్షెల్ వాళ్ళ పద్ధతిలో."

"అయితే ఇంక రెండున్నయ్," అంది ధాత్రి. పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వో కాదో చెప్పలేం.

*

మూడు దాటాక ఆమె షాపుకు తిరిగి వచ్చింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు. పొగమంచు పల్చబడి, ఎండ పాలలో తేనె కలిపినట్టు వీధి మీద పడుతోంది. హెర్షెల్ ఇంకా వెళ్ళలేదు. లోపల అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద తెల్లటి పొడుగు అంగీ. ఉపవాసం రోజున తొడుక్కునేది అదే, పోయినప్పుడు వేసి పంపేదీ అదేనని ఎప్పుడో చెప్పాడు. సరిచూసుకుందామని వేసుకున్నట్టున్నాడు. కింద అంచు జానెడు మేర ఊడి వేలాడుతోంది. ఆయన వంగి చూసుకోబోతే నడుం వంగడం లేదు.

ఆమెను చూసి ఏదో అనబోయాడు. "విప్పకండి. టైము లేదు," అంది కమలకుమారి. తెల్ల దారం తీసి సూదిలోకి ఎక్కించింది. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"ఆగు," అన్నాడు హెర్షెల్. దారం రీలు నుంచి చిన్న ముక్క తెంపుకుని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "మా అమ్మ పద్ధతి. ఒంటి మీద ఉండగా కుట్టేది చచ్చిపోయినవాళ్ళ బట్టే. బతికున్నవాడు దారం నములుతూ ఉండాలి. తెలియాలి కదా తేడా." ఇక మాట్లాడలేదు.

ఆమె అంచు మడిచింది. ఒక కుట్టు వేసింది, ఇంకోటి వేసింది. గుడ్డ పలుచన, పాతది. గట్టిగా లాగితే చిరుగుతుంది.

"మిస్టర్ హెర్షెల్, నేను మిమ్మల్ని క్షమించానని ఇవాళ చెప్పలేను," అంది, తల ఎత్తకుండా. "ఒకమ్మాయి దగ్గర ఇప్పుడే నేర్చుకున్నాను, తొందరపడి చెబితే అది అబద్ధమవుతుందని. నా బ్యాగు తెరిచారు. అది నాకు నొప్పి. యేళ్ళ తరబడి నాకు పని నేర్పారు, మా ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు నెల రోజులు నా పని మీరు చేసి పెట్టారు. అదీ మీరే. ఒకటి చెప్పి ఇంకోటి వదిలేస్తే మీ గురించి అబద్ధం చెప్పినట్టే. రెండూ ఉంచుకుంటాను. మీరు మళ్ళీ అడగండి."

ఆమె తల ఎత్తి చూసింది. ముసలాయన అద్దం వైపు తిరిగి నిటారుగా నిలబడి ఉన్నాడు. పెదవుల మధ్య తెల్ల దారం కొస బయటికి కనబడుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డంలోకి దిగుతున్నాయి, తుడుచుకోవడం లేదు. శ్రద్ధగా, చిన్నపిల్లాడిలా, దారం నములుతున్నాడు.

కమలకుమారి మళ్ళీ వంగి, కుట్లు ఇంకొంచెం దగ్గర దగ్గరగా వేయడం మొదలుపెట్టింది.